ఈ-బుక్ రీడర్ల గొడవకు మూలం 2000 జనవరిలో ఉంది

డబ్బు పెట్టి కొన్న ఈ-బుక్ మనదా, అమ్మిన కంపెనీదా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి నిప్పు పడింది 2025 ఫిబ్రవరి 26న అమెజాన్ తీసేసిన ఒక చిన్న సదుపాయం దగ్గర. అప్పటిదాకా అమెజాన్ వారి ఈ-బుక్ రీడర్ అయిన కిండిల్ కోసం కొన్న పుస్తకం ఫైల్‌ను ముందు కంప్యూటర్‌లోకి దించుకుని, తర్వాత యూఎస్‌బీ కేబుల్‌తో రీడర్‌లోకి ఎక్కించుకునే వీలుండేది. ఆ రోజుతో అది పోయింది.

ఇంతకుముందు దించుకున్న పుస్తకాలు ఎక్కడికీ పోవు, వైఫై ఉన్న రీడర్లలో, ఫోన్ యాప్‌లో, బ్రౌజర్‌లో కొత్తవి ఎప్పటిలాగే చదువుకోవచ్చు అని కంపెనీ అప్పుడు చెప్పింది. నిజమే. కాకపోతే 2007లో వచ్చిన మొదటి కిండిల్‌లో వైఫై లేదు. 2009 నాటి రెండో కిండిల్‌లోనూ, పెద్ద తెర ఉన్న కిండిల్ డీఎక్స్‌లోనూ లేదు. వాటికి ఉన్నది మొబైల్ నెట్‌వర్క్ ఒక్కటే. అమెరికాలో 3జీ సేవలు ఆపేస్తూ రావడంతో ఆ దారీ మూసుకుపోయింది. ఇక మిగిలింది కేబుల్. దాంతో ఇప్పటికీ సొంత ఫైళ్లు ఎక్కించుకోవచ్చు. అదే కంపెనీ దగ్గర కొత్తగా కొన్న, తాళం ఉన్న పుస్తకాన్ని ఆ పాత రీడర్‌లోకి చేర్చడానికి మాత్రం అధికారికంగా దారి లేకుండా పోయింది.

పాత పుస్తకాలను ఉచితంగా కంప్యూటర్‌లోకి ఎక్కించిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, డిస్కుల్లోని పుస్తకాలు చదివించిన తొలినాళ్ల సోనీ ప్లేయర్లు, ఇవన్నీ చాలామంది చెప్పిన కథే కాబట్టి వదిలేద్దాం. ఇప్పటి గొడవ మూలాలు వెతికేవాళ్లు మామూలుగా 2009 జూలైకి వెళతారు. హక్కులు లేని ఒక సంస్థ కిండిల్ స్టోర్‌లో పెట్టిన ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ నవలలు రెంటిని అమెజాన్ ఆ నెలలో వెనక్కి తీసుకుంది. కొన్నవాళ్ల డబ్బు తిరిగిచ్చింది కానీ, వాళ్ల రీడర్లలో ఉన్న ప్రతులను కూడా చెప్పాపెట్టకుండా తుడిచేసింది. అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ స్వయంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. గగ్గోలు పెట్టదగ్గ సంగతే. కానీ అప్పటికే రీడర్ అనేది దుకాణం చేతిలోని వస్తువుగా తయారై చాలా కాలమైంది. అలా తయారవడం మొదలైంది 2000 జనవరిలో. అందులో అమెజాన్ పాత్ర ఏమీ లేదు.

దానికి రెండేళ్ల ముందు, 1998లో, పుస్తకాలు చదవడానికే ప్రత్యేకంగా చేసిన రెండు పరికరాలు అమెరికాలో దాదాపు ఒకేసారి మార్కెట్లోకి వచ్చాయి. ఒకటి న్యూవోమీడియా వారి రాకెట్ ఈబుక్, రెండోది సాఫ్ట్‌బుక్ ప్రెస్ వారి సాఫ్ట్‌బుక్. రెండూ మామూలు ఎల్‌సీడీ తెరలే. రెండూ ఖరీదైనవే: రాకెట్ దాదాపు 500 డాలర్లు, సాఫ్ట్‌బుక్ దాదాపు 600. సాఫ్ట్‌బుక్‌ను సగం ధరకు తీసుకోవచ్చు, కాకపోతే నెలనెలా ఇంత సొమ్ముకు పుస్తకాలు కొంటామని ఒప్పుకోవాలి.

రాకెట్‌లో పుస్తకం ఎలా ఎక్కేదో కొంచెం వివరంగా చెప్పాలి. రీడర్‌తో పాటు ఒక స్టాండ్ వచ్చేది. దాని వెనక నుంచి బయల్దేరే కేబుల్‌ను కంప్యూటర్ సీరియల్ పోర్టుకి తగిలించాలి. కంప్యూటర్‌లో రాకెట్ లైబ్రేరియన్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. పుస్తకాన్ని వెబ్‌సైట్‌లో కొని, కంప్యూటర్‌లోకి దించి, రీడర్‌ను స్టాండ్‌లో నిలబెట్టి, జాబితాలో ఆ పుస్తకాన్ని ఎంచుకుని పంపాలి. అది నత్తనడకన ఎక్కుతుంటే చూస్తూ కూర్చోవాలి. లోపల 4 ఎంబీ జాగా, అంటే ఓ పది నవలలకు సరిపోతుంది. నిండితే కొన్నిటిని కంప్యూటర్‌లోనే ఉంచేసి, కావాలనుకున్నప్పుడు మళ్లీ ఎక్కించుకోవాలి. అప్పటి సమీక్షకులు దీన్ని పెద్ద లోపంగానే లెక్కగట్టారు. పుస్తకం చదవడానికి కంప్యూటర్ కావాలంటే ఇంకేం సుఖం అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

సాఫ్ట్‌బుక్‌కి ఆ బాధ లేదు. మోడెమ్ లోపలే ఉంది. ఫోన్ తీగ గుచ్చితే నేరుగా కంపెనీ స్టోర్‌కి డయల్ చేసి పుస్తకం దించుకునేది. తోలు అట్ట తెరిస్తే ఆన్, మూస్తే ఆఫ్. కంప్యూటర్ ముట్టుకోని మనిషి కూడా వాడగలడు. బరువు మాత్రం కిలోంబావు దాటింది, బ్యాటరీ ఐదు గంటలే. మన జాగా నిండితే పుస్తకాలను కంపెనీ సర్వర్‌లోని మన ‘అల్మారా’లో దాచుకోవచ్చు. క్లౌడ్ అనే మాట జనం నోట్లో పడకముందే ఉన్న క్లౌడ్ అది.

సౌకర్యం చూస్తే సాఫ్ట్‌బుక్కే గెలుస్తుంది. రాకెట్ యజమానులు మాత్రం ఆ కేబుల్‌తో ఇంకో పని చేసుకునేవారు. లైబ్రేరియన్‌లో సొంత టెక్స్ట్ ఫైల్, హెచ్‌టీఎంఎల్ పేజీ ఏది పెట్టినా అది రీడర్‌కి తగ్గట్టు మార్చి ఎక్కించేది. కాపీరైట్ తీరిపోయిన నవలలు, ఆఫీసు కాగితాలు, తాము రాసుకున్న కథల చిత్తుప్రతులు అన్నీ అందులోకి వెళ్లాయి. పాత పుస్తకాలను శుభ్రంగా మార్చి ఒకరికొకరు పంచుకునేవారు. పైగా దుకాణం కూడా ఒక్కటే కాదు. రాకెట్ పుస్తకాలను న్యూవోమీడియాలో పెట్టుబడి పెట్టిన బార్న్స్ అండ్ నోబుల్ లాంటి సంస్థలు తమ సైట్లలోనే అమ్మేవి.

అంతమాత్రాన రాకెట్‌ను స్వేచ్ఛకు ప్రతీకగా నిలబెట్టనక్కర్లేదు. కొన్న పుస్తకాలకు తాళం ఉండేది. ఒక రీడర్ కోసం కొన్నది ఇంకో రీడర్‌లో తెరుచుకోదు, స్నేహితుడికి ఇవ్వలేరు. తెర మీద అక్షరాలు గరుగ్గా ఉండేవి, ఎండలో కనబడేవి కావు. బరువు 600 గ్రాముల పైచిలుకు. మంచి గుణాలూ ఉన్నాయి: చీకట్లో చదువుకునే వెలుగు, ఎడమచేతి వాటం వాళ్లకి తిప్పుకునే వీలున్న తెర, అక్షరాలు పెద్దవి చేసుకునే సదుపాయం, మాట మీద తడితే అర్థం చెప్పే నిఘంటువు. ఈ చివరి రెండూ ఇప్పటికీ రీడర్లు కొనిపిస్తున్న గుణాలే.

2000 జనవరిలో గెమ్‌స్టార్ అనే సంస్థ ఈ రెండు కంపెనీలనూ ఒకే ఊపులో కొనేసింది. దానికి పుస్తకాలతో సంబంధం లేదు. టీవీ కార్యక్రమాల పట్టికల్లో అచ్చయ్యే అంకెలు నొక్కితే, కార్యక్రమాలను టేపు మీదికి ఎక్కించే వీసీఆర్ దానంతటదే రికార్డు చేసుకునే పద్ధతి దానిది. పేటెంట్లు, లైసెన్సు రుసుములే దాని బతుకు. అలాంటి సంస్థకి రీడర్ అంటే పుస్తకం కాదు, టోల్‌గేట్. ఆ ఏడాది చివర్లో ఆర్‌సీఏ బ్రాండ్ మీద ఆర్‌ఈబీ 1100, ఆర్‌ఈబీ 1200 అనే మోడళ్లు వచ్చాయి. 1100 రాకెట్ వారసుడు, రంగుల తెర ఉన్న 1200 సాఫ్ట్‌బుక్ వారసుడు. అయితే స్వభావంలో రెండూ సాఫ్ట్‌బుక్ పిల్లలే. రెండింట్లోనూ మోడెమ్. రెండూ డయల్ చేసేది గెమ్‌స్టార్ స్టోర్‌కే. సొంత ఫైళ్లు ఎక్కించే లైబ్రేరియన్‌ను కంపెనీ పక్కన పెట్టేసింది. రాకెట్ నాటి అభిమానులు పాత సాఫ్ట్‌వేర్‌తో, తాము రాసుకున్న టూల్స్‌తో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు.

ప్రచురణకర్తల వైపు నుంచి చూస్తే ఇదంతా తప్పనిసరి. జనం పాటలను ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ దెబ్బకి సంగీత కంపెనీలు విలవిల్లాడుతున్న రోజులవి. 2000 మార్చిలో ఒక ప్రసిద్ధ అమెరికన్ రచయిత పెద్ద కథ ఒకటి ఈ-బుక్‌గా మాత్రమే విడుదలైతే, మొదటి రోజే లక్షల ప్రతులు దిగాయి, కొద్ది రోజుల్లోనే దాని తాళం బద్దలైంది. కేబుల్ ఉంటే కాపీ ఉంటుందని వాళ్లు భయపడ్డారు.

ఆ తాళాలు, ఆ ఏకైక దుకాణం వ్యాపారాన్ని కాపాడాయా అంటే, లేదు. ఆర్‌ఈబీ 1100 ధర 300 డాలర్లు, 1200 ధర 700. లోపలికి కొనే పుస్తకాలు కూడా చాలావరకు గట్టి అట్ట ప్రతి ధరకు దగ్గరగానే ఉండేవి. కొనేవాడికి లాభం కనబడలేదు. 2003 జూన్‌లో గెమ్‌స్టార్ చేతులెత్తేసింది, జూలై మధ్య నుంచి పుస్తకాల అమ్మకం ఆపేసింది. ఇంకో దుకాణం లేదు కాబట్టి, ఆ రీడర్లకు కొత్త పుస్తకాలూ లేవు. (రాకెట్‌ను పుట్టించిన మార్టిన్ ఎబర్‌హార్డ్, మార్క్ టార్పెనింగ్ సరిగ్గా ఆ జూలైలోనే టెస్లా అనే కార్ల కంపెనీ పెట్టారు. పుస్తకాలు పోగొట్టుకున్నది కార్లకు దక్కింది.)

తర్వాతి అధ్యాయం జపాన్‌లో. 2004 ఏప్రిల్‌లో సోనీ లిబ్రియే వచ్చింది. ఎల్‌సీడీ లోపాలన్నిటికీ జవాబు అనిపించిన ఈ-ఇంక్ తెరతో అమ్మకానికి వచ్చిన మొదటి రీడర్ అదే. సన్నటి గుళికల్లో తెల్ల రేణువులు, నల్ల రేణువులు ఉంటాయి. విద్యుత్తు దిశను బట్టి ఏదో ఒకటి పైకి తేలుతుంది. ఒకసారి పేజీ నిలిచాక కరెంటు అక్కర్లేదు కాబట్టి బ్యాటరీ గంటల్లో కాక పేజీల్లో లెక్క తేలేది. నాలుగు చిన్న సెల్స్‌తో సుమారు 10,000 పేజీలు తిప్పొచ్చు. ఎండలో కాగితంలాగే కనబడుతుంది. పేజీ తిప్పినప్పుడల్లా తెర ఒకసారి నల్లగా మెరిసేది, చీకట్లో లైటు కావాలి, రంగులు లేవు. అయినా తెర విషయంలో ఇంతకన్నా పెద్ద ముందడుగు మళ్లీ పడలేదు.

అంత మంచి తెర మీద సోనీ పెట్టిన షరతు ఏమిటంటే, స్టోర్ నుంచి తెచ్చుకున్న పుస్తకం 60 రోజుల తర్వాత తెరుచుకోదు. తెర మెరుగైంది, తాళం ఇంకా బిగిసింది. అప్పటికే 1999లో ఓపెన్ ఈబుక్ అనే ఉమ్మడి ఫైల్ పద్ధతి తయారై ఉంది. ఇవాళ్టి ఈపబ్ దాని కొనసాగింపే. 2006లో అమెరికాలో రీడర్ అమ్మకం మొదలుపెట్టినప్పుడు సోనీ ఆ అరవై రోజుల గడువును వదిలేసింది, 2009 నాటికి ఈపబ్ దారిలోకి వచ్చింది. అప్పటికి ఆలస్యమైపోయింది.

ఎందుకంటే 2007 నవంబర్ 19న కిండిల్ వచ్చేసింది. 399 డాలర్లు, ఐదున్నర గంటల్లో సరుకు ఖాళీ. సాఫ్ట్‌బుక్ తొమ్మిదేళ్ల ముందు చూపించిన పద్ధతినే, ఫోన్ తీగ తీసేసి, నెల బిల్లు లేని మొబైల్ నెట్‌వర్క్‌తో చేసి చూపించారు. రైల్లో కూర్చుని నిమిషంలో పుస్తకం కొనొచ్చు. స్టోర్‌లో తొలిరోజే దాదాపు 90,000 పుస్తకాలు. గెమ్‌స్టార్ ఎప్పటికీ ఇవ్వలేకపోయినవి ఇవే: విస్తారమైన జాబితా, తక్కువ ధర. ఈ-బుక్ చదవడాన్ని మామూలు జనం అలవాటుగా చేసింది కిండిలే, దాన్ని కాదనలేం.

ఆ మొదటి కిండిల్‌ను వెనక్కి తిప్పి చూస్తే ఒక ఆసక్తికరమైన సంగతి కనబడుతుంది. వెనక మూత చేత్తోనే జరిగి ఊడుతుంది. లోపల బ్యాటరీని మనమే మార్చుకోవచ్చు, పక్కనే ఎస్‌డీ కార్డు పెట్టుకునే సందు ఉంది. కింద యూఎస్‌బీ. అంటే దుకాణం దారితో పాటు రాకెట్ దారి కూడా ఇంకా తెరిచే ఉంది. 2009 ఫిబ్రవరిలో వచ్చిన రెండో కిండిల్ సన్నగా, అందంగా ఉంది. ఊడే మూత లేదు, కార్డు సందు లేదు. పుస్తకాన్ని గొంతెత్తి చదివి వినిపించే సదుపాయం చేర్చారు కానీ, రచయితల సంఘం అభ్యంతరం చెప్పగానే, కొద్ది రోజుల్లోనే, దాన్ని ఆపే అధికారం ప్రచురణకర్తల చేతికి ఇచ్చేశారు. చూపు లేని పాఠకులు ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో రోడ్డెక్కి నిరసన తెలిపారు. ఆర్వెల్ పుస్తకాలు మాయమైంది ఆ వేసవిలోనే. కార్డు సందు 2009లో పోయింది, కొన్న పుస్తకాలకు కేబుల్ దారి 2025లో పోయింది. గెమ్‌స్టార్ ఒక్క ఏడాదిలో చేసిన పని ఇక్కడ పదహారేళ్లకు పైగా పట్టింది, అందుకే ఎవరికీ పెద్దగా నొప్పి తెలియలేదు.

అమెజాన్ పక్షాన కూడా ఒక మాట ఉంది. కేబుల్‌తో దించుకునే ఫైళ్లు పాత పద్ధతివి, వాటి తాళం తీయడం సులువు, వాటిని వాడేవాళ్లు కూడా కొద్దిమందే అని ఆ కంపెనీని సమర్థించేవాళ్లు అంటున్నారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు దక్కేది లైసెన్సు మాత్రమేనని ముందే స్పష్టంగా చెప్పాలి. అది చెబితే చాలు, చట్టం తృప్తి పడుతుంది.

పాఠకులు అడుగుతున్నది వేరు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోర్ మూసేసినప్పుడు పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి, కానీ డబ్బు మొత్తం తిరిగిచ్చింది. 2012లో టోర్ అనే సైన్స్ ఫిక్షన్ ప్రచురణ సంస్థ తన ఈ-బుక్‌లకు తాళాలు పూర్తిగా తీసేసింది, ఇప్పటికీ అలాగే అమ్ముతోంది. ఈ రెంటిలో ఏదో ఒకటి చేయండి అంటున్నారు: రీడర్‌కి పుస్తకం చేర్చే దారి మూసేస్తే డబ్బు వెనక్కివ్వండి, లేదంటే తాళం తీసి ఫైల్ చేతికివ్వండి. కేబుల్ దారి మూసినప్పుడు, వైఫై లేని పాత కిండిల్ ఉన్నవాళ్లకు ఈ రెండూ దక్కలేదు.