ఆవంలోనే పగిలే కుండలు: థలసీమియాపై అపోహలు - వాస్తవాలు

"వీడి ఒంట్లో రక్తం తయారవడం లేదు సార్." థలసీమియా వార్డులో పిల్లాణ్ని మంచం మీద పడుకోబెడుతూ అమ్మమ్మలు, నానమ్మలు మొదట చెప్పే మాట ఇదే. థలసీమియా తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చే రక్తహీనత జబ్బు. వాళ్ల మాటలో నిజం సగమే. మిగతా అపోహలు చాలావరకు దీని పిలకలే కాబట్టి ఇక్కడే మొదలుపెడతాను.

అపోహ: ఎముకల్లో మూలుగ పని మానేసింది.

మానలేదు, గొడ్డులా చాకిరీ చేస్తోంది. మామూలు మనిషి మూలుగలో సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్ర కణాలు తయారవుతాయి. ఒక్కోటి వారం రోజుల్లో ఎదిగి, తన కేంద్రకాన్ని బయటికి నెట్టేసి రక్తంలోకి వస్తుంది. సుమారు 120 రోజులు తిరుగుతుంది. ఎన్ని కావాలో చెప్పేవి మూత్రపిండాలు. ఆక్సిజన్ తగ్గితే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ వదులుతాయి. ఈ జబ్బు తీవ్ర రూపమైన బీటా థలసీమియా మేజర్‌లో ఆ హార్మోన్ బాగా పెరుగుతుంది, మూలుగ దాని మాట వింటుంది కూడా.

చిక్కు హిమోగ్లోబిన్ దగ్గర, అంటే ఎర్ర కణాల్లో ఆక్సిజన్ మోసే ప్రొటీన్ దగ్గర వస్తుంది. రెండు ఆల్ఫా గొలుసులకు రెండు బీటా గొలుసులు జతపడాలి. బీటా కరవైతే, జత దొరకని ఆల్ఫా గొలుసులు ముద్దకట్టి, ఎదుగుతున్న కణాన్ని మూలుగలోనే చంపేస్తాయి. కుమ్మరి రాత్రింబవళ్లు కుండలు చేస్తూనే ఉన్నాడు, అవి ఆవంలోనే పగిలిపోతున్నాయి. కుండలేవని ఊరు అడిగేకొద్దీ అతను ఇంకో ఆవం పేరుస్తాడు. అలా మూలుగ జాగా కోసం ఎముకల్ని లోపలినుంచి తోస్తుంది. నుదురు, చెంప ఎముకలు ఉబ్బుతాయి. ప్లీహం పెరిగి పొట్ట ముందుకొస్తుంది.

పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నాడు, ఆర్నెల్లకు ఎవరి దిష్టో తగిలిందని కొందరంటారు. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌లో బీటాకు బదులు గామా గొలుసు ఉంటుంది. పుట్టాక కొన్ని నెలల్లో గామా తగ్గి, ఆ పని బీటా అందుకోవాలి. వీడి ఒంట్లో అందుకోలేదు, అంతే.

అపోహ: ఐరన్ టానిక్, ఖర్జూరం, బీట్‌రూట్ పెడితే రక్తం పడుతుంది.

జబ్బు బయటపడేలోపు నెలల తరబడి ఐరన్ సిరప్ తాగి వచ్చే పిల్లలు తక్కువేం కాదు. ఇందులో తల్లిదండ్రుల్ని అనడానికేం లేదు. పాలిపోయిన పిల్లాణ్ని చూడగానే ఐరన్ రాసే అలవాటు మా వైద్యులది. థలసీమియాలో ఐరన్‌కు కొదవ ఉండదు. మూలుగ ఆరాటం చూసి కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ తగ్గించేస్తుంది. దాంతో పేగులు అవసరానికి మించి ఐరన్ పీల్చుకుంటాయి. దానికి తోడు ఎక్కించే ఒక్కో యూనిట్ రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఒంట్లోంచి రోజుకు పోయేది 1 మిల్లీగ్రాము అటూఇటూ. మిగిలిందంతా గుండె, కాలేయం, గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని తోడెయ్యడానికే డెఫెరాసిరాక్స్ లాంటి మందులు. బీట్‌రూట్ ఎరుపుకూ రక్తం ఎరుపుకూ చుట్టరికం లేదు, ఇష్టమైతే తిననివ్వండి. అన్నంతోపాటు టీ తాగమని చెప్పే డాక్టర్లం బహుశా మేమే, ఐరన్ పేగులకు పట్టడం కాస్త తగ్గుతుందని.

అపోహ: రక్తం ఎక్కిస్తే అలవాటు పడి, సొంతంగా తయారుచేసుకోవడం మానేస్తాడు.

ఇదొక్కటి నన్ను ఆలోచనలో పడేస్తుంది, ఎందుకంటే ఇందులో నిజముంది. రక్తం ఎక్కిస్తే మూలుగ జోరు తగ్గుతుంది. మాకు కావలసిందే అది! ఫలించని ఆ చాకిరీ ఆగితే ఎముకలు వంకర తిరగవు, ప్లీహం పెరగదు, పిల్లాడు ఈడుకు తగ్గట్టు ఎదుగుతాడు. అందుకే బిడ్డ పూర్తిగా నీరసించేదాకా ఆగం. రెండు నుంచి ఐదు వారాలకోసారి, ఎక్కించే ముందు చూసినా హిమోగ్లోబిన్ 9.5 గ్రాముల దరిదాపుల్లో ఉండేలా చూసుకుంటాం. "ఆడుకుంటున్నాడు కదా, వచ్చే నెల తెస్తాం" అంటే ఆ నెలంతా మూలుగ మళ్లీ ఆవం మీద ఆవం పేరుస్తూ కూర్చుంటుంది.

అపోహ: కోడలి రక్తంలోనే దోషం.

అమ్మ, నాన్న ఇద్దరూ క్యారియర్లు (లోపమున్న జన్యువు ఒకటి మోసేవాళ్లు) అయితేనే బిడ్డకు మేజర్ వస్తుంది. మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది, బయటి సంబంధమైనా రావచ్చు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదన్న లెక్కా తప్పే, ప్రతి కాన్పులోనూ 25 శాతం. క్యారియర్లు మాత్రం రోగులు కారు. వాళ్ల కణాలు చిన్నవి, సంఖ్య ఎక్కువ. పరీక్షలో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం సాధారణంగా 3.5 శాతం దాటుతుంది. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ తక్కువుంటే వాళ్లకు ఐరన్ ఇవ్వాల్సిందే.

అపోహ: పరీక్ష నార్మల్ వచ్చింది, కాబట్టి జబ్బు లేదు.

రక్తం ఎక్కించింది ఎప్పుడు, పరీక్ష చేయించింది ఎప్పుడు అని అడుగుతాను. హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షకు నమూనా మొదటిసారి రక్తం ఎక్కించకముందే తీయాలి. తర్వాత తీస్తే అందులో ఎక్కువ భాగం దాత హిమోగ్లోబినే కనిపిస్తుంది. ఆ అదను దాటిపోతే తల్లిదండ్రులిద్దరికీ అదే పరీక్ష చేయిస్తాం, బిడ్డకు డీఎన్ఏ పరీక్ష పంపుతాం.