సింథ్ పాప్ ఆల్బమ్ ‘డేర్’: అపోహలు - వాస్తవాలు

30 ఏళ్లుగా కీబోర్డ్ ప్రోగ్రామింగే నాకు అన్నం పెడుతోంది. స్టూడియోకి వచ్చే కొత్త కుర్రాళ్లు తరచూ ఒక మాట అంటారు: “ఇదంతా కంప్యూటరే చేసేస్తుంది కదన్నా?” అప్పుడు నేను కూర్చోబెట్టి వినిపించే ఆల్బమ్ ‘డేర్’, సింథ్‌లతో (కరెంటుతో శబ్దాలు పుట్టించే సింథసైజర్లతో) చేసిన పాప్ పాటలు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ బృందం ది హ్యూమన్ లీగ్ 1981 అక్టోబరులో తెచ్చింది. దాని మీద నాకు ప్రేమ ఎక్కువ, అందుకే దాని గురించి తప్పుగా మాట్లాడితే ఊరుకోలేను.

అపోహ: యంత్రాలు వాయించాయి, మనుషులు బటన్ నొక్కారు.

వాస్తవం: వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి మిడి అప్పటికి లేదు, అది 1983లో వచ్చింది. ఒక కంపెనీ సింథ్‌ని ఇంకో కంపెనీ సింథ్‌తో కలిపి నడపడమే పెద్ద యాతన. ఆల్బమ్ నిర్మాత మార్టిన్ రషెంట్ వాడింది రోలాండ్ ఎంసీ-8 మైక్రోకంపోజర్, అంటే స్వరాల వరుసని గుర్తుపెట్టుకుని సింథ్‌ చేత వాయించే పెట్టె. దానికి హార్మోనియం మెట్లలాంటివేవీ ఉండవు, కాలిక్యులేటర్‌కున్నట్టు అంకెల మీటలుంటాయి. ప్రతి స్వరానికీ మూడు లెక్కలు: ఏ శ్రుతిలో పలకాలి, ఎంతసేపు మోగాలి, తర్వాతది ఎప్పుడు రావాలి. అన్నీ అంకెల్లోనే కొట్టాలి. ఒక్క అంకె తప్పిందంటే ఆ వరుసంతా పక్కకి జరిగిపోతుంది. ఇవాళ మనం మౌస్‌తో ఒక గీతని కాస్త లాగి సరిచేసుకునే పని అది.

ఇక డ్రమ్స్. 1980లో వచ్చిన లిన్ ఎల్‌ఎం-1 అనే డ్రమ్ మెషిన్ వాడారు. అందులోవి నిజమైన డ్రమ్స్ వాయించి రికార్డు చేసి, చిప్‌లలోకి ఎక్కించిన శబ్దాలే. కిక్, స్నేర్, కాంగా, చప్పట్లు ఉన్నాయి. క్రాష్, రైడ్ అనే పెద్ద తాళాలు (సింబల్స్) మాత్రం లేవు. ఆ శబ్దాలు చాలాసేపు మోగుతాయి, అంతసేపు దాచే మెమరీ అప్పట్లో చాలా ఖరీదు. పల్లవి మొదలవగానే క్రాష్ పడాలన్న అలవాటున్న మాలాంటి వాళ్లకి అదెంత లోటో! మిగిలిన వాటితోనే ఊపు తేవాలి.

1982లో రషెంట్ ఇవే టేపుల్ని బ్లేడుతో ముక్కలు కోసి, అతికించి, ‘లవ్ అండ్ డాన్సింగ్’ అనే రీమిక్స్ ఆల్బమ్ చేశాడు. ఇది చేతిపని కాకపోతే ఇంకేది?

అపోహ: జనం కొన్నారు గానీ విమర్శకులు తీసిపారేశారు.

వాస్తవం: బ్రిటిష్ సంగీత పత్రికలు ఎక్కువగా మెచ్చుకున్నాయి. నిజానికి అంతకు ముందే చాలామంది ఈ బృందం మీద ఆశ వదులుకున్నారు. 1980లో బృందంలోని మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్ విడిపోయి హెవెన్ 17 అనే వేరే బృందం పెట్టుకున్నారు. ట్యూన్లు కట్టేవాళ్లు వాళ్లే అని పేరు. మిగిలింది గాయకుడు ఫిలిప్ ఓకీ, వేదిక మీద స్లైడ్లు చూపించే ఏడ్రియన్ రైట్. ఆ ఇద్దరి చుట్టూ మళ్లీ కట్టుకున్న బృందం బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది.

వ్యతిరేకత వచ్చింది వాయిద్యకారుల నుంచి. 1982లో అక్కడి మ్యూజిషియన్స్ యూనియన్ లండన్ శాఖ ఒకటి సింథ్‌లనీ డ్రమ్ మెషిన్లనీ నిషేధించాలని తీర్మానం చేసింది. ఆ కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కీబోర్డు వచ్చాక మన సినిమా రికార్డింగుల్లో వయొలిన్ వరుసలు ఎలా పలచబడ్డాయో చూశాను. అది వాళ్ల కడుపుకి సంబంధించిన బాధ. అంతమాత్రాన సింథ్‌తో చేసింది సంగీతమే కాదంటే మాత్రం ఒప్పుకోను.

అపోహ: బృందంలో పాడే ఇద్దరు అమ్మాయిలు అందానికే.

వాస్తవం: సుజాన్ సల్లీ, జోవాన్ క్యాథరాల్ షెఫీల్డ్ క్లబ్బులో డాన్స్ చేస్తుంటే ఓకీ చూసి పిలిచాడు. అప్పటికి ఇద్దరూ స్కూలు పిల్లలు, పాట నేర్చుకున్నవాళ్లు కారు. అయినా వాళ్ల గొంతులు తీసేస్తే ఈ ఆల్బమ్ సగం చల్లబడిపోతుంది.

అపోహ: హిట్ పాట ఏదో బృందానికి ముందే తెలుసు.

వాస్తవం: ‘డోంట్ యూ వాంట్ మీ’ బలహీనమైన పాట అని ఓకీ నమ్మాడు. ఆల్బమ్‌లో ఆఖరున పెట్టారు. సింగిల్‌గా (విడి రికార్డుగా) వద్దని అతను వాదించినా రికార్డు కంపెనీ వర్జిన్ విడుదల చేసింది. బ్రిటన్‌లో 5 వారాలు, 1982 వేసవిలో అమెరికాలో 3 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. రెండో చరణం సల్లీది. మెరుగుపెట్టని గొంతు, గమకాల జోలికి పోదు, పక్కింటి అమ్మాయి గుమ్మంలో నిలబడి సమాధానం చెబుతున్నట్టుంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు ఆ చరణం వినండి.