లేజర్‌తో సైట్ తీయించుకోవడం: అపోహలు – వాస్తవాలు

పెళ్ళి సంబంధాలు చూస్తున్నారనో, ఉద్యోగ నోటిఫికేషన్ పడిందనో లాసిక్ (లేజర్‌తో సైట్ తీసే ఆపరేషన్) కోసం వచ్చేవాళ్ళు చాలావరకు తొందరలో ఉంటారు. పరీక్షలు ఆ తొందరకు లొంగకూడదు. నేను అక్కడే పట్టుబడతాను.

అపోహ: లేజర్ కంటిని కాల్చేస్తుంది.
ఆపరేషన్ టేబుల్ మీద కాలుతున్నట్టు ఓ వాసన వస్తుంది. చాలామంది హడలిపోయేది అప్పుడే. నిజానికి అక్కడ ఏదీ కాలదు. ఎగ్జైమర్ లేజర్ అంటే 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం. అది కణజాలంలోని బంధాలను తెంచి, ఒక్కో పల్స్‌కు మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాదాపు పావు వంతు మందాన్ని మాత్రమే తీసేస్తుంది. చుట్టుపక్కల మాడకుండా ఇలా కోయవచ్చని 1981లో ఐబీఎంలో కనిపెట్టిన ముగ్గురిలో ఒకరు మద్రాసు యూనివర్సిటీలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్. వాళ్ళు మొదట ప్రయత్నించింది పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద!

అపోహ: ఎంత సైట్ ఉన్నా, ఎవరికైనా చేసేయొచ్చు.
ఇక్కడ లెక్క చూడాలి. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, మధ్యలో మందం సగటున 540 మైక్రాన్లు. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున ఒక్కో పాయింట్ తగ్గించడానికి సుమారు 12 మైక్రాన్లు పోతాయి. లేజర్ వేసే ముందు కార్నియా పైన లేపే పలుచటి పొర ఇంకో 110. మైనస్ 9 ఉండి, కార్నియా 490 మాత్రమే ఉన్నవాళ్ళకు చివరికి మిగిలేది 272. కనీసం 250 ఉంటే చాలంటారు గానీ, 300కు తగ్గితే నేను చేయను. కంటిలోపల పెట్టే లెన్స్ గురించి ఆలోచించమంటాను.

మందం సరిపోయినా, టోపోగ్రఫీలో (కార్నియా ఆకారాన్ని మ్యాప్‌లా చూపే పరీక్ష) కార్నియా ముందుకు ఉబ్బుతున్న ఛాయలు కనిపిస్తే లాసిక్ వద్దు. చేస్తే ఆ ఉబ్బు ఇంకా ముదురుతుంది. కళ్ళు బాగా నలుపుకునే అలవాటుంటే డాక్టర్‌తో తప్పక చెప్పండి. కాంటాక్ట్ లెన్సులు కార్నియా ఆకారాన్ని మార్చేస్తాయి కాబట్టి, మెత్తటివైనా సరే పరీక్షకు వారం, రెండు వారాల ముందే ఆపాలి.

అపోహ: ఆపరేషన్‌లో కన్ను కదిలితే అంతే.
రెప్పలను క్లిప్ పట్టి ఉంచుతుంది, కంటి కదలికను ట్రాకర్ వెంబడిస్తుంది. కన్ను మరీ పక్కకు పోతే లేజర్ దానంతటదే ఆగుతుంది. టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: అద్దాలు పోయాయంటే కన్ను మామూలైపోయినట్టే.
నన్ను ఎక్కువగా భయపెట్టే అపోహ ఇదే. మైనస్ సైట్‌లో సాధారణంగా కనుగుడ్డు పొడవు పెరిగి ఉంటుంది. లేజర్ ముందున్న కార్నియాను చదును చేసి వెలుగును కంటి వెనకున్న తెర, అంటే రెటీనా, మీద పడేలా చేస్తుంది. అంతేగానీ కనుగుడ్డు పొడవు తగ్గదు, సాగి పలచబడ్డ రెటీనా మళ్ళీ మందం కాదు. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ళు ఆపరేషన్ తర్వాత కూడా ఏటా చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కలు, ఓ పక్క తెర దిగినట్టు కనిపిస్తే ఆ రోజే రండి.

అపోహ: ఇక జన్మలో అద్దాలు అవసరం రావు.
నలభై దాటాక చత్వారం వస్తుంది, దగ్గరివి చదవడానికి అద్దాలు కావాల్సి రావచ్చు. వయసు మీద పడ్డాక శుక్లాలూ వస్తాయి. ఆ ఆపరేషన్‌లో లెన్స్ పవర్ లెక్కగట్టడానికి లాసిక్‌కు ముందున్న కొలతలు బాగా పనికొస్తాయి. ఆ ఫైలు పారేయకండి.