మెడ కాపాడిన కీర్తన: హత్యకూ నరహత్యకూ తేడా ఎలా వచ్చింది

చంపింది ఫలానా వాడే అని తేలిపోయాక కూడా కోర్టులో వాదనలు ఆగవు. ఆ క్షణంలో వాడి మనసులో ఏముందన్నదే అసలు పేచీ. దాన్నిబట్టే అది పగబట్టి చేసిన హత్యో, ఆవేశంలో జరిగిన నరహత్యో తేలుస్తారు. ఈ తేడా వెనక ఏదో గొప్ప న్యాయసూత్రం ఉంటుందనుకుంటాం. ఇంగ్లండు చరిత్ర చూస్తే మాత్రం కథ వేరేలా ఉంది.

మధ్యయుగాల్లో అక్కడ మనిషిని చంపితే ఉరే. ప్రాణం కాపాడుకోవడానికి చంపినా రాజు క్షమాభిక్ష కోసం ఎదురుచూడాలి, ఆస్తి జప్తవుతుంది. ఆ జప్తు రూలు 1828 దాకా ఉంది!

అయితే ఒక దొడ్డిదారి ఉండేది. చర్చి మనుషులను రాజు కోర్టు ఉరితీయకూడదు. చర్చి మనిషే అని రుజువేంటి? చదువు రావడం. ముద్దాయి చేతికి బైబిల్ ఇచ్చి, మామూలుగా 51వ కీర్తన మొదటి వాక్యం చదవమనేవారు. చదివితే బతికినట్టే. ఎక్కువగా అదే వాక్యం కాబట్టి అక్షరమ్ముక్క రానివాళ్లూ బట్టీ పట్టి వచ్చేవారు. జనం దానికి 'మెడ వాక్యం' అని పేరు పెట్టారు. 1489లో దీనికి కళ్లెం వేశారు. మామూలు మనిషికి ఒక్కసారే ఛాన్సు. మళ్లీ వస్తే గుర్తుపట్టేలా, చంపినవాడి బొటనవేలి మీద 'ఎం' అక్షరం వాత పెట్టేవారు.

తర్వాత ట్యూడర్ వంశపు రాజుల కాలపు చట్టాలు, ముందే పగబట్టి చంపినవాళ్లకు ఈ వెసులుబాటు తీసేశాయి. మాటా మాటా పెరిగి, ఆవేశంలో చంపినవాళ్లకు ఉంచాయి. హత్యకూ నరహత్యకూ మధ్య గీత పడింది అక్కడే.

మతిస్థిమితం లేదన్న వాదన 1843లో రచ్చకెక్కింది. డేనియల్ మెక్‌నాటన్ ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చి చంపాడు. మతి సరిగా లేదని జ్యూరీ వదిలేస్తే విక్టోరియా రాణికి మండింది. అప్పుడు జడ్జీలు ఒక కొలత చెప్పారు: మానసిక జబ్బువల్ల తను చేస్తున్నదేంటో, లేదా అది తప్పని తెలియకపోతేనే మినహాయింపు. ఆ కొలత ముందే ఉండుంటే మెక్‌నాటన్ బయటపడేవాడు కాదేమో.

గత్యంతరం లేక చంపామన్న వాదన 1884లో వీగిపోయింది. ఓడ మునిగి, పడవలో ఆకలితో అల్లాడిన ఇద్దరు నావికులు 17 ఏళ్ల కుర్రాణ్ని చంపి తిన్నారు. కోర్టు ఉరిశిక్ష వేసింది, తర్వాత అది 6 నెలల జైలయింది. ఆ మాంసం తిన్న మూడోవాడు మాత్రం బోనులో లేడు, సాక్షిగా వచ్చాడు.