ఎగువ రైతు, దిగువ నగరం

నీరు పొలం గట్ల దగ్గర ఆగదు. ఎగువన ఒకరు చల్లిన ఎరువు, ఇంకొకరు వదిలిన ఉప్పునీరు, మరొకరు కొట్టేసిన అడవి, అన్నిటి ఫలితమూ దిగువవాళ్లకు చేరుతుంది. చట్టాలు మాత్రం చాలాకాలం ఒక్కో ఫ్యాక్టరీనీ, ఒక్కో పైపునీ విడిగానే చూశాయి. మొత్తం ప్రాంతాన్ని ఒక్కటిగా చూసి, అక్కడివాళ్లంతా మాట్లాడుకుని, డబ్బు ఇచ్చిపుచ్చుకుని కాపాడుకునే పద్ధతి తర్వాత వచ్చింది.

దీనికి బీజాలు అర్థశాస్త్రంలో ఉన్నాయి. నష్టం చేసేవారి మీద పన్ను వేయాలన్నది 1920లో బ్రిటిష్ ఆర్థికవేత్త పిగూ చెప్పిన మాట. హక్కులు స్పష్టంగా ఉండి, బేరమాడుకోవడానికి ఖర్చేమీ లేకపోతే ఇరుపక్షాలూ తామే తేల్చుకోగలవని 1960లో మరో ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ రాశాడు. చాలామంది ఆ రెండో షరతును మర్చిపోతారు. ఒకవైపు వందల మంది రైతులు, మరోవైపు ఒక మహానగరం ఉంటే బేరానికే బోలెడు ఖర్చు, బోలెడు కాలం. ఆ ఖర్చు ఎవరు భరించారన్నదే నా దృష్టిలో ఈ చరిత్రంతా.

న్యూయార్క్ నగరాన్నే చూడండి. ఆ నగరపు తాగునీటిలో అధిక భాగం క్యాట్‌స్కిల్, డెలావేర్ కొండప్రాంతాల నుంచి వస్తుంది. ఉపరితల జలాలను ఫిల్టర్ చేయాలని, లేదా ఎగువ ప్రాంతాన్ని కాపాడుతున్నట్టు నిరూపించాలని 1989లో ఫెడరల్ నిబంధన వచ్చింది. ఫిల్టర్ ప్లాంటు కడితే 600 కోట్ల డాలర్లకు పైగా అవుతుందని అంచనా వేశారు. నగరం మొదట కఠినమైన నిబంధనల ముసాయిదా తయారుచేసింది. ఎగువ రైతులు భగ్గుమన్నారు. అందులో పాత గాయం కూడా ఉంది: ఇరవయ్యో శతాబ్దంలో జలాశయాల కోసం అక్కడి ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయించారు.

అప్పుడు నగరం పట్టు వదిలి మాటలకు దిగింది. రైతుల ఆధ్వర్యంలోనే 1993లో ఒక మండలి ఏర్పడింది. ఏ పొలానికి ఏ ప్లాను కావాలో రైతు, నిపుణుడు కలిసి రాసుకుంటారు. పశువులు వాగులోకి దిగకుండా కంచె, పేడ నిల్వకు సరైన చోటు వంటివి. ఖర్చు నగరానిది, చేరడం రైతు ఇష్టం. 1997లో నగరం, రాష్ట్రం, ఫెడరల్ సంస్థ, ఎగువ ఊళ్లు, పర్యావరణ సంఘాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. నగరం పెట్టిన ఖర్చు ప్లాంటు అంచనా కంటే చాలా తక్కువే. భూమి కొన్నా, అమ్మడానికి ఇష్టపడినవాళ్ల దగ్గరే కొనాలి. ఫిల్టర్ ప్లాంటు నుంచి మినహాయింపును 2017లో మరో పదేళ్లు పొడిగించారు. దీన్ని మార్కెట్ అనాలా వద్దా అన్న వాదన ఉంది. డబ్బు కంటే ముందు రైతు మాటకు విలువ దక్కింది, నాకు అదే ముఖ్యం.

అచ్చమైన మార్కెట్ చూడాలంటే ఆస్ట్రేలియాలోని హంటర్ నది దగ్గరికి వెళ్లాలి. అక్కడ బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాలు ఉప్పునీరు వదిలేవి, దిగువన రైతులకు అదే నీరు పంటకు ఆధారం. 1995లో ప్రయోగంగా మొదలైన పథకంలో నియమం సులువు. నదిలో ప్రవాహం తక్కువుంటే ఒక్క చుక్క ఉప్పునీరు కూడా వదలకూడదు. ప్రవాహం పెరిగినప్పుడు, నది తట్టుకోగల ఉప్పును లెక్కగట్టి, మొత్తం 1,000 క్రెడిట్ల (ఉప్పు వదిలే హక్కుల) ప్రకారం పంచుతారు. ఒక్కో క్రెడిట్‌కు వెయ్యో వంతు. అవసరం లేనివాళ్లు ఉన్నవాళ్లకు అమ్ముకోవచ్చు. నది పొడవునా ఉప్పుదనాన్ని ఎప్పటికప్పుడు కొలుస్తారు కాబట్టి దాపరికానికి చోటు తక్కువ. రైతుకూ గనికీ మధ్య నమ్మకం ఆ కొలత మీదే నిలబడింది.

మధ్య అమెరికా దేశమైన కోస్టారికా 1996 అటవీ చట్టంతో అడవి నిలుపుకునే భూయజమానులకు చెల్లింపులు మొదలుపెట్టింది. సొమ్ములో పెద్ద భాగం ఇంధన పన్ను నుంచి వచ్చింది. ప్రపంచమంతా దాన్ని ఆదర్శంగా చెప్పుకుంది. కానీ తొలి ఏళ్లలో చాలా సొమ్ము ఎలాగూ కొట్టేయని అడవులకు వెళ్లిందని అధ్యయనాలు తేల్చాయి. ఏ చెట్టుకు నిజంగా ప్రమాదం ఉందో తెలుసుకోకుండా డబ్బు పంచితే జరిగేది ఇదే.

ఇంతకంటే ఆందోళన కలిగించేది పరిహార పద్ధతి. అమెరికాలో ఒకచోట చిత్తడి నేలను పూడ్చి, బదులుగా మరోచోట చిత్తడి నేలను తయారుచేసేవాళ్ల దగ్గర క్రెడిట్లు కొనుక్కోవచ్చు. మొత్తం మీద నష్టం ఉండకూడదన్న ఈ పరిహారాల లక్ష్యం నెరవేరడం లేదని 2001లో అక్కడి శాస్త్ర సలహా సంస్థ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ నివేదిక చెప్పింది. హంటర్ నదిలో ఉప్పు ఎక్కడైనా ఉప్పే, కొలవొచ్చు. ఒక చిత్తడి నేల మాత్రం మరోదానికి సమానం కాదు. అక్కడి కప్పలు, పక్షులు, వరదను పట్టి ఉంచే గుణం ఆ చోటుకే చెందుతాయి.

ఇంగ్లండ్ ఇప్పుడు అదే దారిలో ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద నిర్మాణాలు జీవవైవిధ్యాన్ని కనీసం 10 శాతం పెంచి చూపాలి. స్థలంలో కుదరకపోతే వేరేచోట పచ్చికబయళ్ల వంటివి పెంచేవాళ్ల దగ్గర జీవవైవిధ్య యూనిట్లు కొనొచ్చు, అలా పెంచినవాటిని కనీసం 30 ఏళ్లు నిలపాలి. ఆ పచ్చికబయళ్లు కాగితం మీద కాక నేల మీద ఉన్నాయా అని చూడాల్సిన బాధ్యతలో ఎక్కువ భాగం స్థానిక కౌన్సిళ్లదే. వాటిలో చాలాచోట్ల ఆ పని తెలిసిన నిపుణుల కొరత ఉంది.