ఆలస్యంతో ఆకలిని కొలిచే ఈస్ట్

ఈస్ట్ కణానికి చక్కెర, నత్రజని కోసం కాస్త అమ్మోనియం లవణం, కొన్ని ఖనిజాలు, విటమిన్లు ఇస్తే చాలు. ప్రోటీన్లకు కావలసిన 20 అమైనో ఆమ్లాలనూ అది సొంతంగా తయారుచేసుకుంటుంది. మనకు ఆ శక్తి లేదు. వాటిలో తొమ్మిది మనకు తిండి ద్వారానే అందాలి.

చేసుకోగలగడం ఒక ఎత్తయితే, ఎప్పుడు చేసుకోవాలో తెలియడం మరో ఎత్తు. హిస్టిడిన్ అనే ఒక్క అమైనో ఆమ్లం తయారీకే పది రసాయన చర్యలు అవసరం. ఆ చర్యలు నడిపే ఎంజైములు కూడా ప్రోటీన్లే కాబట్టి, బయట అమైనో ఆమ్లాలు పుష్కలంగా దొరికేటప్పుడు వాటిని తయారుచేయడం శుద్ధ దండగ. చిన్నచిన్న హెచ్చుతగ్గులను కణం అక్కడికక్కడే సర్దుకుంటుంది. ఉదాహరణకు లూసిన్ ఎక్కువైతే, అది తన తయారీ వరసలోని మొదటి ఎంజైముకే అతుక్కుని దాని పని ఆపేస్తుంది. అసలు విశేషం కొరత వచ్చినప్పుడు కనిపిస్తుంది.

3-అమైనోట్రయజోల్ అనే రసాయనం హిస్టిడిన్ తయారీలో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. దాన్ని ఈస్ట్‌కు ఇస్తే తగ్గేది హిస్టిడిన్ ఒక్కటే. కానీ కణం ఆర్జినిన్, లైసిన్, ట్రిప్టోఫాన్ వంటి వాటి ఎంజైములను కూడా పెంచేస్తుంది. ఒక్కదాని కొరతకు అన్నిటి ఉత్పత్తీ పెంచడం మొదట వృథాగానే అనిపిస్తుంది. నాకు మాత్రం ఇది ముందుచూపుగానే తోస్తుంది. ప్రోటీన్ కట్టేటప్పుడు 20లో ఏ ఒక్కటి అందకపోయినా పని ఆగిపోతుంది, మిగతా 19 ఎంత ఉన్నా లాభం లేదు.

ఇంతకీ కొరత సంగతి కణానికి ఎలా తెలుస్తుంది? అమైనో ఆమ్లాలను రైబోజోమ్ (ప్రోటీన్లను కట్టే యంత్రం) దగ్గరికి చేర్చేవి టీఆర్‌ఎన్‌ఏలు. సరుకు లేకపోతే అవి ఖాళీగా తిరుగుతుంటాయి. జీసీఎన్2 అనే ఎంజైము ఆ ఖాళీ టీఆర్‌ఎన్‌ఏలను పట్టుకుంటుంది. దానిలో ఒక భాగం, టీఆర్‌ఎన్‌ఏకు హిస్టిడిన్‌ను తగిలించే ఎంజైమును పోలి ఉంటుంది. అయినా అది హిస్టిడిన్ ఒక్కదానికే పరిమితం కాదు. ఖాళీ టీఆర్‌ఎన్‌ఏ ఏ అమైనో ఆమ్లానిదైనా దానికి ఒకటే. ఒక్క కొరత అందరికీ వర్తించే హెచ్చరికగా మారేది ఇక్కడే.

మేల్కొన్న జీసీఎన్2, ఈఐఎఫ్2 అనే ప్రోటీన్‌కు ఒక ఫాస్ఫేట్‌ను అతికిస్తుంది. ప్రతి కొత్త ప్రోటీన్ మెథియోనిన్‌తో మొదలవుతుంది కదా, ఆ మొదటి మెథియోనిన్‌ను మోసే టీఆర్‌ఎన్‌ఏను రైబోజోమ్‌కు అందించేది ఈఐఎఫ్2యే. ఒకసారి పని చేశాక దాన్ని మళ్లీ సిద్ధం చేయడానికి ఈఐఎఫ్2బీ అనే మరో ప్రోటీన్ కావాలి. ఫాస్ఫేట్ తగిలిన ఈఐఎఫ్2 ఈ ఈఐఎఫ్2బీని గట్టిగా పట్టుకుని వదలదు. ఈఐఎఫ్2బీ అసలే తక్కువ కాబట్టి, కొన్ని అణువులకు ఫాస్ఫేట్ తగిలినా చాలు, కణమంతటా ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది.

మిగతావి తగ్గుతున్న ఆ సమయంలోనే జీసీఎన్4 అనే ప్రోటీన్ మాత్రం పెరుగుతుంది. అమైనో ఆమ్లాల జన్యువులను తట్టిలేపేది అదే. దీని గుట్టు దాని ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు సందేశాన్ని రైబోజోమ్ చదివేందుకు మోసే ప్రతి) ముందు భాగంలో ఉందని 1984లో అలన్ హిన్నెబుష్, విడిగా జార్జ్ థిరియోస్ బృందం చూపించారు. అసలు సందేశం మొదలయ్యే చోటికి ముందు దాదాపు 600 అక్షరాల పొడవున్న భాగంలో నాలుగు బుల్లి సందేశాలు ఉన్నాయి. ఒక్కోటి రెండు మూడు అమైనో ఆమ్లాలకు మించదు. మొదటిది మెథియోనిన్, అలనిన్, సిస్టీన్ అని చదివించి ఆపేస్తుంది. నాలుగోది మెథియోనిన్, ఫినైల్‌అలనిన్, ప్రోలిన్ అని ఆపేస్తుంది. ఇంత చిన్న ముక్కలు ప్రోటీన్లుగా దేనికీ పనికిరావు. వాటి పని రైబోజోమ్ ప్రయాణాన్ని అదుపు చేయడమే.

మొదటి బుల్లి సందేశం ముగిశాక చాలా రైబోజోమ్‌ల చిన్న భాగం ఎంఆర్‌ఎన్‌ఏను వదిలిపెట్టదు, ముందుకు వెతుక్కుంటూ పోతుంది. అయితే మళ్లీ చదవడం మొదలుపెట్టాలంటే దానికి ఇంకో ఈఐఎఫ్2, మెథియోనిన్ జంట దొరకాలి. తిండి బాగా ఉన్న రోజుల్లో ఆ జంట వెంటనే దొరుకుతుంది. దాంతో రైబోజోమ్ నాలుగో సందేశం దగ్గరికి వచ్చేసరికే సిద్ధంగా ఉంటుంది, దాన్ని చదివి అక్కడే రాలిపోతుంది. జీసీఎన్4 దాకా వెళ్లే రైబోజోమ్‌లు చాలా తక్కువ. కొరత రోజుల్లో ఆ జంట దొరకడం ఆలస్యమవుతుంది. రైబోజోమ్ ఏమీ చదవలేక నాలుగోదాన్ని దాటిపోతుంది. అక్కడి నుంచి అసలు సందేశానికి ఇంకా సుమారు 150 అక్షరాల దూరం ఉంది. ఆలోగా జంట దొరికితే, నేరుగా జీసీఎన్4ను చదువుతుంది. ఇక్కడ ఆలస్యమే సమాచారం. జీవశాస్త్రంలో నాకు ఇంతకంటే అందంగా అనిపించిన ఏర్పాట్లు చాలా తక్కువ.

ఇది ఊహ కాదు, మార్చి చూసి నిర్ధారించిన సంగతి. నాలుగు బుల్లి సందేశాల మొదటి అక్షరాలనూ చెరిపేస్తే జీసీఎన్4 తిండి ఉన్నా లేకున్నా ఎడతెగకుండా తయారైంది. నాలుగో సందేశం చివరి చుట్టుపక్కల ఉండే అక్షరాలను మొదటిదాని చివరలో పెడితే, మొదటిది కూడా రైబోజోమ్‌లను దాటనివ్వని అడ్డుకట్టగా మారిపోయింది.

తయారైన జీసీఎన్4 డీఎన్‌ఏలో టీజీఏసీటీసీ అనే వరస ఉన్నచోట్ల కూర్చుని వందలాది జన్యువుల పనిని పెంచుతుంది. అలాగని ఎక్కువ సేపు నిలవదు. తిండి ఉన్న కణంలో అయిదు నిమిషాల్లోనే దాదాపు సగం విరిగిపోతుంది. కొరత తీరాక కూడా హెచ్చరిక మోగుతూనే ఉండకుండా ఇదే కాపాడుతుంది.

జీసీఎన్2 మన కణాల్లోనూ ఉంది. దాని చేతిలో ఉండే ఏటీఎఫ్4 అనే ప్రోటీన్‌కూ ఇలాంటి బుల్లి సందేశాల అడ్డంకులే ఉన్నాయి, కాకపోతే అవి రెండే. మనిషిలో జీసీఎన్2ను తయారుచేసే జన్యువు పేరు ఈఐఎఫ్2ఏకే4. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ పాడైతే, ఊపిరితిత్తుల్లోని చిన్న సిరలు మూసుకుపోయే అరుదైన జబ్బు రావచ్చని 2014లో తేలింది.