నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత పికప్: అపోహలు - వాస్తవాలు

పాలకొల్లు పక్కన డీజిల్ బళ్ల మెకానిక్‌గా పనిచేస్తున్నాను. మా షెడ్డుకొచ్చే పాత పికప్‌లు చాలావరకు రొయ్యల పట్టుబడికి, కొబ్బరికాయలకి, అరటి గెలలకి తిరిగేవే. వాటి విషయంలో నన్ను ఎక్కువ బాధపెట్టే కంప్లయింటు ఇది: "దారిలో ఆగిపోతోందండి, పది నిమిషాలు ఊరుకుని తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోంది." షెడ్డుకి తెచ్చేసరికి బండి శుభ్రంగా ఉంటుంది. లోపం కంటికి కనబడదు కాబట్టి తలా ఒకటి ఊహించి సామాన్లు మార్చేస్తారు. ఆ ఖర్చంతా లోడు కిరాయి మీద బతికే ఓనరు నెత్తిన పడుతుంది.

అపోహ: ఆగిపోతోందంటే ఇంజిన్ బోరుకొచ్చేసినట్టే.

కాదు. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండరు లోపలి గోడ, అరిగితే పొద్దున్నే స్టార్టింగు కష్టమవుతుంది, పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది, లోడు లాగదు. అంతేగాని దారిలో ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మామూలుగా నడవదు. బోరు పని మొదలెట్టే ముందు డ్రైవరుని ఒక్క ప్రశ్న అడగాలి: స్విచ్చి కట్టేసినట్టు టక్కున ఆగిందా, లేక గుంజుకుంటూ, యాక్సిలరేటర్ తొక్కినా అందుకోకుండా ఆగిందా? టక్కున ఆగితే ముందు కరెంటు వైపు చూస్తాను. గుంజుకుంటూ ఆగితే డీజిల్ అందడం లేదని పట్టుకుంటాను. ఈ ఒక్క సంగతి తెలిస్తే నాకు సగం పని తగ్గుతుంది.

అపోహ: పంపు పోయింది, విప్పి కాలిబ్రేషన్‌కి పంపాల్సిందే.

ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే ఈ ఇంజెక్షన్ పంపు విప్పడం చివరి పని. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్ వచ్చే దారి ముందు చూడాలి. ఈ విషయం నేనూ తప్పు చేసే నేర్చుకున్నాను. మొగల్తూరు వైపు నుంచి రొయ్యల లోడుతో రాజోలు వైపు వెళ్లే బండొకటి చించినాడ వంతెన ఎక్కుతూ ఆగిపోయేది. ట్యాంకు నుంచి డీజిల్ గుంజి తెచ్చే ఫీడ్ పంపు మార్చాను. వారానికి మళ్లీ ఆగింది. ఫిల్టర్లు మార్చాను. మళ్లీ అదే. ఆగిన ప్రతిసారీ పెట్టెల్లో ఐసు కరిగిపోయి, సరుకు దించేచోట రేటు తగ్గించేవారు. మూడోసారి నేనే డ్రైవరు పక్కన కూర్చుని వెళ్లాను. వంతెన మీద గుంజుకుంటూ ఆగింది. దిగి డీజిల్ ట్యాంకు మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి పోయింది. వాన నీళ్లు దిగకుండా డ్రైవరు మూత కింద పాలిథిన్ కవరు పెట్టి బిగించాడు. ట్యాంకులో డీజిల్ తగ్గేకొద్దీ ఆ చోటికి గాలి రావాలి. మూతలో ఉండే సన్నటి దారి మూసుకుపోతే లోపల వాక్యూమ్ పెరిగి, ఫీడ్ పంపు ఎంత గుంజినా డీజిల్ రాదు. బండి ఆగి ఉన్న పది నిమిషాల్లో గాలి మెల్లగా చేరుతుంది, మళ్లీ స్టార్టవుతుంది. ఆ ఫీడ్ పంపు డబ్బులు ఓనరుకి తిరిగిచ్చేశాను.

ఇలాంటిదే ఇంకోటి ఉంది. ట్యాంకులో కవరు ముక్కో, గుడ్డ పీలికో ఉంటే డీజిల్‌తో పాటు పోయి పీల్చే గొట్టానికి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆగగానే గుంజుడు ఆగి అది జారి పడిపోతుంది. ట్యాంకు దింపి కడిగితే తప్ప ఇది దొరకదు.

అపోహ: పైపు ఎక్కడా కారడం లేదు, ఇక ఎయిర్ ఎలా పడుతుంది?

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో ఉండేది గుంజుడే గాని తోపుడు కాదు. అక్కడ పగులుంటే డీజిల్ బయటికి రాకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. ఫిల్టరు దాటాక పంపుకి వెళ్లే చోట ఒక అడుగు తెల్లటి డీజిల్ పైపు వేసి, ఇంజిన్ నడుస్తుండగా చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే ఎయిర్ పడుతున్నట్టే. బాంజో బోల్టుల (పైపు చివర బిగించే, లోపలి నుంచి డీజిల్ పారే బోల్టుల) దగ్గర పాత రాగి వాషర్లే మళ్లీ వేయడం వల్ల వచ్చే ఎయిర్ నేను చాలాసార్లు చూశాను. ఫిల్టరు మార్చినప్పుడల్లా కొత్త వాషర్లు వేసి, పూర్తిగా ఎయిర్ తీయించండి.

అపోహ: బంకులో డీజిల్‌లో నీళ్లు కలిపేశారు.

సెడిమెంటరు (డీజిల్‌లోని నీళ్లు అడుగున చేరే గిన్నె) నుంచి కొంచెం డీజిల్ గాజు సీసాలోకి వదిలి ఓ పావుగంట కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుక్కి చేరతాయి. కనబడగానే బంకు మీదకి వెళ్లకండి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు గోడలకి చెమ్మ పట్టి కిందకి దిగుతుంది. చెరువు గట్టు మీద జనరేటరు కోసం ఉంచిన డ్రమ్ములోంచి బండికి పోసుకుంటే వాన నీరు, తుప్పు రెండూ కలిసి వస్తాయి. నీళ్లకీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురు కనిపిస్తే అది సూక్ష్మజీవుల వల్ల పెరిగింది. ఆ జిగురున్న ట్యాంకు కడగకుండా ఎన్ని ఫిల్టర్లు వేసినా అవి పూడుకుపోతూనే ఉంటాయి.

అపోహ: పాత డీజిల్ బండికి కరెంటుతో పనేముంది?

చాలా పంపుల మీద స్టాప్ సొలినాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే డీజిల్ వాల్వు ఉంటుంది. దానికి 12 వోల్టులు అందినంత సేపే డీజిల్ లోపలికి వెళ్తుంది, కరెంటు తెగిన క్షణమే ఇంజిన్ ఆగుతుంది. రొయ్యల పెట్టెల్లోంచి ఉప్పు నీళ్లు ఛాసిస్ మీద కారుతూనే ఉంటాయి. ఎర్తు వైరు, కనెక్టర్లు ఆకుపచ్చగా తుప్పు పట్టి, గతుకులో ఊగినప్పుడు తెగి మళ్లీ కలుస్తాయి. సొలినాయిడ్‌కి వెళ్లే వైరు నుంచి చిన్న బల్బు ఒకటి క్యాబిన్‌లోకి పెట్టి తిప్పండి. ఇంజిన్ ఆగేటప్పుడు తాళం ఆన్‌లోనే ఉన్నా బల్బు ఆరిపోతే లోపం వైరింగులోనో, ఇగ్నిషన్ స్విచ్చిలోనో ఉంది. బల్బు వెలుగుతూనే ఇంజిన్ ఆగితే సొలినాయిడ్ గాని, దాని ఎర్తు గాని, డీజిల్ దారి గాని చూడాలి. స్టార్టరు తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య మల్టీమీటరు అర వోల్టు దాటి చూపిస్తే ఎర్తు విప్పి గీకి బిగించాలి. కేబుల్ లాగి ఆపే బండైతే ఆ కేబుల్ సగంలో పట్టేస్తోందేమో చూడండి.

అపోహ: ఎండకి డీజిల్ ఆవిరైపోతోంది.

అది పెట్రోలుకి చెప్పే మాట. డీజిల్ మరగాలంటే 160 డిగ్రీలు దాటాలి. వేడెక్కాక ఆగి, వేడి మీద స్టార్టు కాకపోతే సొలినాయిడ్ కాయిల్‌నో, అరిగిన రోటరీ రకం ఇంజెక్షన్ పంపునో అనుమానించాలి. డీజిల్ వేడికి పల్చబడి, అరిగిన పంపులో ప్రెషరు నిలవదు. తడి గుడ్డ పంపు మీద కప్పితే స్టార్టయిందంటే లోపం దాదాపు పంపుదే. బాగా వేడెక్కిన పంపు మీద మాత్రం బకెట్టుతో నీళ్లు పోయకండి, లోపలి భాగాలు పట్టేయొచ్చు.

అపోహ: సెన్సార్ల బండైతే స్కానరు చెప్పేస్తుంది.

అప్పుడప్పుడూ వచ్చే లోపానికి స్కానరులో కోడ్ (లోపం నంబరు) పడకపోవచ్చు. ఆగిన వెంటనే, బండి చల్లారక ముందే స్కానరు పెట్టి స్టార్టరు తిప్పాలి. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా చూపిస్తే ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సారునీ దాని వైరునీ చూడాలి.

అపోహ: మళ్లీ స్టార్టవుతోంది కదా, సీజన్ అయ్యాక చూద్దాం.

దయచేసి అలా వదిలేయకండి. ఇంజిన్ ఆగితే, తొక్కిన బ్రేకుకి బలం పెంచే బ్రేక్ బూస్టరుకి వాక్యూమ్ రావడం ఆగిపోతుంది. మిగిలింది ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది, ఆపైన పెడల్ రాయిలా అవుతుంది. మన కాలవ గట్ల మీద ఒక పక్క నీళ్లు, చాలాచోట్ల అడ్డుగోడ కూడా ఉండదు. ఆగిందని తెలియగానే బ్రేకు మాటిమాటికీ తొక్కకుండా ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోండి. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బరువెక్కుతుంది, రెండు చేతులతో పట్టుకోండి. బండి పూర్తిగా నిలిచేదాకా తాళం బయటికి తీయకండి, స్టీరింగ్ లాకైపోతుంది.